పులిని వెళ్ళగొట్టిన బ్యాండు

సంస్థానాలూ జాగీర్లూ కళలను పోషించాయని ఈ మధ్య సభల్లో తరచుగా వింటున్నాను. శాలువా కప్పుకుని మైకు ముందు నిలబడి ఆ మాట చెప్పేవాళ్ళలో ఒక్కడైనా జాగీరుదారు కొట్టంలో నిలబడి బాకా ఊదినవాడు కాడు. నేను ఊదాను. పోషణ అంటే ఏమిటో పుస్తకాలను అడగనక్కర్లేదు, నా పెదవులను అడిగితే చెబుతాయి.

మాది నాగర్‌కర్నూలుకూ కొల్లాపూర్‌కూ నడుమ ఒక జాగీరు ఊరు. దాని పేరు చెప్పను. చెబితే ఆ దొర మనవళ్ళు సంతోషిస్తారు. మా ఇంట్లో పెళ్ళి రోజుల్లో సన్నాయి, మిగతా రోజుల్లో మంగలికత్తి. మా నాయిన రెండింటిలోనూ చెయ్యి తిరిగినవాడు. దొర గడ్డం పొద్దున్నే ఆయన చేతుల కిందికి వచ్చేది గనుక, దొర మనసులో మాట ఊరందరికంటే ముందు మా ఇంటికి వచ్చేది. బ్యాండు సంగతి కూడా అట్లాగే వచ్చింది.

దొర గద్వాలలో ఎవరిదో పెద్ద పెళ్ళికి పోయి వచ్చాడు. అక్కడ సికింద్రాబాదు నుంచి పిలిపించిన ఇంగ్లీషు బ్యాండు ఊరేగింపు ముందు నడిచిందట. తనకంటే ఎక్కువ ఊళ్ళున్నవాళ్ళ ఇంట్లో ఏది చూసినా మా దొరకు అన్నం సయించదు. అంతకుముందు ఇట్లాగే మోటారు కారు వచ్చింది. కారు రాగానే గుర్రాలను అమ్మేశాడు. తర్వాత కారు ఆగిపోయిన చోటల్లా దాన్ని ఎద్దులు కట్టి లాక్కొచ్చేవాళ్ళు.

"మనం గూడ బ్యాండు పెడ్తున్నంరా. నీ కొడుకును పంపు" అన్నాడట దొర, సబ్బు నురుగులోంచి.

"సన్నాయి ఉండంగ బ్యాండెందుకు దొరా, బాంచెను?" అన్నాడట నాయిన.

"సన్నాయి అందరికున్నది" అన్నాడట దొర.

మా జాగీరులో కళాపోషణకు పునాది ఈ ఒక్క మాట. మరొకడికి లేనిది కావాలి, అంతే. అందులోంచి ఏ చప్పుడు వస్తుందో దొరకు అక్కర్లేదు.

సికింద్రాబాదులో ఏదో పటాలం వదిలేసిన పాత వాద్యాలు రెండెడ్ల బండి మీద వచ్చాయి. సొట్టలు పడ్డ ఇత్తడి బాకాలు, ఒక క్లారినెట్టు, ఒక పెద్ద డోలు, ఒక చిన్న డ్రమ్ము. వాటి మీద ఎర్ర కోట్లు కూడా వచ్చాయి. ఎవరో ఆరడుగుల సోల్జర్లకు కుట్టిన కోట్లవి. పన్నెండేళ్ళ పిల్లలం వేసుకుంటే మోకాళ్ళు దాటి వేలాడేవి. ఖాళీ అయిన గుర్రాల కొట్టం మా బడి. గుర్రాలు పోయినా వాటి వాసన పోలేదు. తొలిసారి నేను గట్టిగా ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నది ఆ వాసనలోనే.

దొర తన బావమరిదిని బ్యాండుకు నాజింగా, అంటే అధికారిగా, వేశాడు. ఆయనకు అప్పటిదాకా ఏ పనీ లేదు, ఆ తర్వాతా చేయలేదు. కానీ వెండి పొన్ను వేసిన బెత్తం ఒకటి చేయించుకున్నాడు. పాఠం చెప్పడానికి వచ్చిన మాస్టరు గోవా వైపు క్రైస్తవుడు. సికింద్రాబాదు కంటోన్మెంటులో తెల్లవాళ్ళు డాన్సు చేసే క్లబ్బుల్లో బాకా ఊదేవాడట. ఒక తగాదాలో ముందు పళ్ళు రాలిపోయాయి. ముందు పళ్ళు లేనివాడు బాకా ఊదలేడు. ఊదలేనివాడికి పట్నంలో పని లేదు గనుక మా ఊరు వచ్చాడు. వైస్రాయి ముందు ఊదానని గొప్పలు చెప్పేవాడు. సెండీ, అంటే ఈతకల్లు, తాగిన రోజు ఆ వైస్రాయిలు ఇద్దరు ముగ్గురయ్యేవాళ్ళు. తాగని రోజు మనిషి ముభావంగా ఉండేవాడు, పాఠం మాత్రం బాగుండేది.

మొదటి రోజే వాద్యాలు పంచారు. పంచింది మాస్టరు కాదు, నాజిం.

ఆయన కొట్టంలోకి వచ్చి అన్నింటికంటే పెద్ద బాకాను బెత్తంతో తట్టాడు. భుజం మీద ఎక్కించుకుంటే ఊదేవాడు కనబడనంత పెద్దది.

"గిది మావోనికి" అన్నాడు. ఆయన కొడుకు మాలో ఒకడు.

మాస్టరు ఉర్దూ తెలుగూ కలిపి మెల్లగా చెప్పాడు. "సాబ్, పాట మొత్తం మోసేది ఛోటా బాకా. బడా బాకా ఎన్కనుంచి ఉత్తగ ఊ కొడ్తది."

"నీకు తెల్వదు ఊకో. పెద్దింటోడు పెద్దది పట్టాలె. చిన్నోళ్ళకు చిన్నయి ఇయ్యి."

 మాస్టరు ముఖంలో చిన్న నవ్వు లాంటిది కనబడింది గానీ, పళ్ళు లేనివాళ్ళ నవ్వును నమ్మలేం. అట్లా నాజిం తెలివి వల్ల బ్యాండులో పాట మోసే చిన్న బాకా జట్కా తోలే సాయబు కొడుకు చేతికి పోయింది. డప్పు కొట్టే ఇంటి పిల్లవాడికి చిన్న డ్రమ్ము వచ్చింది. సన్నాయి ఇంటివాణ్ణి గనుక ఊదే కర్ర నాకే ఇచ్చారు, క్లారినెట్టు. మిగతా బాకాలు బ్రాహ్మల, కరణాల పిల్లలకు ఇద్దామనుకున్నారు. ఒకరి నోట్లోది ఇంకొకరి నోట్లో పెట్టుకోవాల్సి వస్తుందని, ఎంగిలి అని వాళ్ళెవరూ రాలేదు. ఎంగిలి పట్టింపు లేని ఇళ్ళ పిల్లలే బ్యాండయ్యారు.

మొదట చాలా రోజులు వాద్యాన్ని ముట్టనివ్వలేదు మాస్టరు. గోడకు చిన్న కాగితం ముక్క ఆనించి, చెయ్యి తీసేసి, అది కింద పడకుండా ఊదమనేవాడు. ఊపిరి తగ్గితే కాగితం జారేది. కాగితం జారితే మాస్టరు చెయ్యి మా వీపు మీద జారేది. నాజిం వచ్చి చూసి, "జీతం దీస్కొని గోడకు గాలి కొట్టిస్తుండు" అని దొరతో చెప్పాడు. పది మందీ పొద్దంతా ఒకేసారి ఊదుతుంటే తప్ప ఆయన లెక్కలో బ్యాండు పని చేస్తున్నట్టు కాదు.

తర్వాత చిన్నగా ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి బయటపడింది. సాయబు కొడుకు చిన్నప్పటి నుంచి వాళ్ళ గుర్రాన్ని ఈలతో పిలిచేవాడు. ఆ పెదవులకు బాకా లొంగడానికి ఎక్కువ కాలం పట్టలేదు. పెదవి చిట్లి నెత్తురొస్తే నెయ్యి రాసుకుని మళ్ళీ ఊదేవాడు. డప్పింటి పిల్లవాడికి మాస్టరు నేర్పిందేమీ లేదంటే అబద్ధం. చేతుల్లో ఉన్న దరువును కర్రల్లోకి ఎక్కించడానికి వాడు చాలా కష్టపడ్డాడు. కానీ ఒకసారి ఎక్కాక ఆ దరువు గోడ కూలినా తప్పేది కాదు. నాజిం వాణ్ణి కొట్టం బయట నిలబెట్టి వాయించమన్నాడు. వాన పడ్డ రోజు మాత్రం, డ్రమ్ము చర్మం తడుస్తుందని, లోపలికి రానిచ్చేవాళ్ళు. డ్రమ్ముకు ఉన్న గౌరవం అది. నా కష్టం వేరు. సన్నాయిలో స్వరం మీది నుంచి స్వరం మీదికి జారడం మా ఇంటి అలవాటు. మాస్టరు నిక్కచ్చిగా మెట్లు మెట్లుగా ఎక్కమనేవాడు. జారినప్పుడల్లా చెవి మెలిపెట్టేవాడు.

నాజిం కొడుకు కొట్టంలో కూర్చుని "బుం" అనేవాడు. కాసేపాగి మళ్ళీ "బుం" అనేవాడు. వాడి మీద నాకు అప్పట్లో కోపం లేదు. వాడూ మాలాంటి పిల్లవాడే. వాడి మెడ మీద వాళ్ళ నాయన ఎక్కించిన ఇత్తడి బరువే వాణ్ణి పాడుచేసింది.

సెండీ తాగిన ఒక మధ్యాహ్నం మాస్టరు మార్చింగు పాటలు పక్కన పెట్టించాడు.

"ఆజ్ జాజ్ చెప్త" అన్నాడు.

మేం ముఖాలు చూసుకున్నాం. మా ఇళ్ళల్లో జాజు అంటే గోడలకు పూసే ఎర్రమన్ను.

"మా అమ్మ పూస్తది మాష్టర్ సాబ్. పండుగలకు" అన్నాడు డప్పింటి పిల్లవాడు.

మాస్టరు పడీపడీ నవ్వాడు. పళ్ళు లేని నోటితో, ఉస్సు బుస్సుమంటూ ఒక పాట పాడాడు. డాన్సు పాట. దాని నడక మాకు తెలిసిన ఏ నడకలాగానూ లేదు. కాలు జారబోయి నిలదొక్కుకుంటూ పోయే మనిషిలాగా ఉంది. అది మాకు నేర్పాడు. నేర్చుకున్నాక చెప్పాడు. "అబ్ మరిచిపోండి. రాసింది ఊదితే బ్యాండ్. రాసింది మరిచి ఊదితే జాజ్. పాట ఇల్లనుకో. ఎటు తిరిగినా సరే, మల్ల ఇంటికి రావాలె."

ఆ రోజు నేను జారాను. మాస్టరు చెవి మెలిపెట్టలేదు. కళ్ళు మూసుకుని తల ఊపాడు. ఇన్నాళ్ళూ దేనికి దెబ్బలు తిన్నానో దానికే ఈ రోజు మెప్పు ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆనందానికి అర్థం కావడంతో పని లేదు. ఆ తర్వాత నాజిం భోజనం చేసి పడుకునే మధ్యాహ్నాలన్నీ మాకు జాజ్ మధ్యాహ్నాలే. ఆయన కళాసేవలో నాకు నచ్చింది ఆయన నిద్ర ఒక్కటే.

రెండేళ్ళు గడిచాయి. దొర చుట్టాల పెళ్ళికి మమ్మల్ని వనపర్తికి తీసుకుపోయారు. అది మా మొదటి పెద్ద ఊరేగింపు. సాయబు కొడుకు చిన్న బాకా ఎత్తగానే జనం వాడి చుట్టూ మూగారు. ఆడవాళ్ళు మేడల మీది నుంచి వాణ్ణే చూపించుకున్నారు. నాజిం భార్య కూడా ఒక మేడ మీద నిలబడి, తన కొడుకు పాట ఎప్పుడు మొదలవుతుందా అని ఊరేగింపు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేదాకా కాచుకుందట. బస చేరాక ఆమె గొంతు బయట కూర్చున్న మాకందరికీ వినిపించింది.

"మావోడు ఊదేదెప్పుడు?"

"ఊదిండు గద, ఇన్లేదా? పెద్దది వానిదే" అన్నాడు నాజిం.

"గదా? గది నేను బండి ఇరుసు మొత్తుకుంటుందనుకున్న! ఆ తురకపిలగాడు కోయిల లెక్క కూస్తుంటే నా కొడుకు కప్ప లెక్క బెకబెకమనుడేంది? రేపటి నుంచి వాని చేతులది వీనికియ్యి."

మరునాడే మాట నెగ్గింది. మాస్టరు, "సాబ్, రెండు సాల్ వాడు ఆ బాకా మీద పెదవి కట్టిండు. వీనికి మల్ల మొదటికెల్లి నేర్పాలె" అని మొత్తుకున్నాడు. "గంత పెద్దది ఊదినోడు గింత చిన్నది ఊదలేడా?" అన్నాడు నాజిం. దానికి జవాబు చెప్పగల విద్వాంసుడు ఎక్కడా పుట్టలేదు.

ఇక వచ్చింది అసలు చిక్కు. రెండేళ్ళుగా సాయబు పిల్లవాడి నోట్లో నానిన బాకా అది. నాజిం కొడుకు నోట్లోకి ఎట్లా పోవాలి? పురోహితుణ్ణి పిలిచారు. శాస్త్రంలో బాకా సంగతి లేదని ఆయన కాసేపు తటపటాయించాడు. తర్వాత, ఇత్తడి చెంబుకు ఏ శుద్ధో దీనికీ అదే శుద్ధి అని తేల్చాడు. చింతపండూ బూడిదా పెట్టి తోమించారు. పంచగవ్యంలో ముంచి, ముంచిన చోటే రాత్రంతా ఉంచి, పొద్దున తీసి పసుపునీళ్ళు పోశారు. ఆ బూడిదా పేడా మీటల సందుల్లోకి దూరి గట్టిపడ్డాయి. బాకా బయటికి మాత్రం ధగధగ మెరిసింది. మాస్టరు మీటలు నొక్కి చూశాడు. ఒకటి దిగింది, పైకి లేవలేదు.  ఆ రోజు కాస్త ముందే సెండీ దుకాణానికి పోయాడు.

సాయబు కొడుకు చేతిలో పెద్ద బాకా పెట్టారు. దానికి శుద్ధి అక్కర్లేదట. వాడు దాన్ని భుజానికెత్తుకుని, "గుర్రం బోయి బర్రె వొచ్చింది" అన్నాడు. నవ్వబోయాడు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాకాను బాగుచేయడానికి మాస్టరుకు వ్యవధి ఇవ్వలేదు. ఎందుకంటే ఆ వారమే నిజాం సర్కారులో పెద్ద ఉద్యోగం చేసే ఒక తెల్లదొర పులి వేటకు మన్ననూర్ వస్తున్నాడు. మా దొర ఆయన్ను అతిథిగా పిలిచాడు. అతిథి పక్కన బ్యాండు ఉండాలని నాజిం సలహా. అడవిలో, పులి వేటకు, బ్యాండు! ఆ సలహా ఇచ్చినవాడు ఒక్కడైతే ఒప్పుకున్నవాడు ఇంకొకడు. ఎవరు ఎక్కువ మొద్దో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

బండ్ల మీద నల్లమల ఎక్కాం. అడవి బంగళా ముందు ఎండలో ఆ ఎర్ర కోట్లు తొడుక్కుని వరసగా నిలబడ్డాం. అడవి శాఖ జవాను ఒకాయన మమ్మల్నీ మా బాకాలనూ చూసి, "గీ సప్పుడుకు పులి కాదు, గుట్టలు గూడ లేసి పోతయ్" అని గొణిగాడు. గూడెం పిల్లలు చెట్ల చాటు నుంచి చూసి కిసకిస నవ్వారు. తెల్లదొరా ఆయన భార్యా కారు దిగారు. నాజిం బెత్తం ఎత్తాడు. ఆయన కొడుకు మెరిసే బాకా పెదవికి ఆనించి, ఛాతీ నింపుకుని, ఊదాడు.

కోడి మెడ పట్టుకుంటే వచ్చే చప్పుడు వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

పాట మోసేది చిన్న బాకా. అది ఆగిపోతే మిగతావాళ్ళకు దారి తెలియదు. ఒక్కొక్క బాకా ఆగిపోయింది. డప్పింటి పిల్లవాడి డ్రమ్ము ఒక్కటే, వెనకాల దూరంగా చింతచెట్టు కింద, ఆగకుండా నడుస్తోంది. నాజిం ముఖం కోటు రంగుకు తిరిగింది. మా దొర ఆకాశం కేసి చూశాడు. అప్పుడు మాస్టరు సాయబు కొడుకును చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"మరిచిపోండి" అన్నాడు.

సాయబు కొడుకు పెద్ద బాకా ఎత్తి, ఆ డాన్సు పాటను అడుగు నుంచి, మెల్లగా, బర్రె బురదలోంచి లేచినట్టు లేపాడు. పెద్ద బాకాలో పాట ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. దాని మీద నేను క్లారినెట్టు ఎక్కించాను. మా నాయిన పెళ్ళిళ్ళలో జారినట్టే జారాను, ఆపేవాళ్ళు లేరు. వెనక డ్రమ్ము నడక మారింది. కర్రల్లోంచి డప్పు దరువు బయటికి వచ్చింది. ఒకడు పోయిన దారిన ఇంకొకడు పోకుండా, ముగ్గురం తలోవైపు తిరిగి, తిరిగి తిరిగి ఇంటికి వచ్చాం. మళ్ళీ బయల్దేరాం.

తెల్లదొరసాని పకపకా నవ్వింది. మొగుడి చెయ్యి పట్టుకుని బంగళా వరండాలోకి లాగింది. ఇద్దరూ డాన్సు చేయడం మొదలుపెట్టారు.

మా దొర తల దించుకున్నాడు. వెంట వచ్చిన పటేళ్ళు చెట్లను లెక్కపెట్టారు. నాజిం జవాను చెవిలో, "ఆమెకేమైంది? పురుగు గిట్ల ముట్టిందా?" అన్నాడు.

పాట ముగిశాక తెల్లదొర చప్పట్లు కొట్టి, బాగా ఊదిన ఆ కుర్రవాడెవరని ఉర్దూలో అడిగాడు. నాజిం తన కొడుకు వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. మెరిసే బాకా వాడి చేతిలోనే ఉంది. తెల్లదొర వాడికి కరచాలనం చేశాడు. అంతసేపు ఎదురుగా నిలబడి విన్నవాడు, డాన్సు చేసినవాడు, ఆ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోలేదు. మా దొర వాడికి శాలువా కప్పాడు. మాకు తలా నాలుగు బతాసలు పెట్టారు.

"మనోళ్ళకే అనుకున్న. తెల్లోళ్ళకు గూడ చెవులు కండ్లల్లనే ఉన్నయ్‌రా" అన్నాడు సాయబు కొడుకు బతాస కొరుకుతూ.

అక్కడితో అయిపోతే బాగుండేది. అతిథికి పొద్దు గడవాలని నాజిం, ఉన్నన్నాళ్ళూ పొద్దున్నుంచి చీకటి పడేదాకా మాతో మార్చింగు పాటలు ఊదించాడు. మంచె కట్టారు, కింద మేకను కట్టేశారు. పులి జాడ లేదు. మేక మాత్రం పచ్చగడ్డి మేసి బలిసింది. తెల్లదొర ఒక అడవిపందిని కొట్టి, ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడు నాయిన దొర గడ్డం గీసి ఇంటికి వచ్చి చెప్పాడు. "పులి రానందుకు మాస్టరును తీసేస్తుండ్రు. మార్చింగు మంచిగనే ఉన్నదంట. గా జాజ్ పాట ఇన్నందుకే పులి పారిపోయిందంట." చెప్పి నాయిన గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మాస్టరు జడ్చర్లలో రైలెక్కడానికి బయల్దేరిన రోజు సాయబు కొడుకు కూడా ఆయన వెంట పోయాడు. వాళ్ళ నాయన అడ్డు చెప్పలేదు. మోటారు కారూ బస్సులూ వచ్చాక జట్కాలో ఎక్కేవాళ్ళు తగ్గారు, కొడుకైనా బాగుపడనీ అనుకున్నాడు. మాస్టరు నన్ను కూడా అడిగాడు. మా నాయిన ఒప్పుకోలేదు. "నువ్వు పోతె, రేపు దొర గడ్డం నా చేతికి రాదు. మనమెట్ల బతకాలె?" అన్నాడు. ఆ రోజు కొట్టంలో కూర్చుని, ఆ వాసన పీలుస్తూ, క్లారినెట్టు విప్పి తుడిచి మళ్ళీ బిగించి, విప్పి తుడిచి, పొద్దు గుంకేదాకా అదే పని చేశాను.

నాజిం కొడుకును బ్యాండుకు మాస్టరును చేశారు. శాలువా ఉంది కదా, ఇంకేం కావాలి. చిన్న బాకాను వేడినీళ్ళలో ఉడికించి మీటలు కదిలించారు గానీ వాడి పెదవులు మాత్రం కదలలేదు. అందుకని వాడు బెత్తం పట్టుకున్నాడు. వాడికి తెలిసిన సంగీతం ఒకటే, అందరూ ఒకేసారి, ఎంత గట్టిగా ఊదగలిగితే అంత గట్టిగా ఊదడం. కొల్లాపూర్, గద్వాల, వనపర్తి, ఎక్కడ పెళ్ళయితే అక్కడికి పోయి అరిచి వచ్చేవాళ్ళం. కష్టపడి నేర్చుకున్నది మరిచిపోవడానికి రెండు పెళ్ళిళ్ళ కాలాలు చాలు. నా తోటివాళ్ళు ఒక్కొక్కరే సొగసు పోగొట్టుకోవడం నా చెవులతో విన్నాను. డప్పింటి పిల్లవాడూ నేనూ మాత్రం ఊరి బయట వేరుశనగ చేలల్లో కలుసుకుని మా పాటలు మేం వాయించుకునేవాళ్ళం.

యుద్ధం వచ్చింది. సికింద్రాబాదు నిండా సోల్జర్లు దిగారట, డాన్సు హాళ్ళకు వాయించేవాళ్ళు చాలడం లేదట. ఆ మాట చెప్పడానికి సాయబు కొడుకే వచ్చాడు. కాళ్ళకు బూట్లు, నున్నగా దువ్విన జుట్టు. అప్పటికి మా దొర సేఫ్టీ రేజరు కొనుక్కుని తన గడ్డం తానే గీసుకోవడం నేర్చుకున్నాడు. తరతరాల అనుబంధం ఒక చిన్న బ్లేడుతో తెగింది. ఇక నన్ను ఆపడానికి మా నాయిన దగ్గర కారణం మిగల్లేదు. ముగ్గురం పోయాం.

పట్నం నన్నేమీ మురిపించలేదు. డాన్సు హాల్లోకి మమ్మల్ని వంటింటి వాకిట్లోంచే రానిచ్చేవాళ్ళు. మా డ్రమ్ము పిల్లవాణ్ణి అక్కడ ఎవరూ కులం అడగలేదు. అది తెల్లవాళ్ళ గొప్పతనమని కొందరంటారు. అందరం వాళ్ళకు ఒకే తీరుగా తక్కువవాళ్ళం, విడదీసి చూసే ఓపిక వాళ్ళకు లేదు. తాగి తూలే సోల్జర్లు పాట మధ్యలో కుర్చీలు విసిరేవాళ్ళు. బ్యాండు పెద్ద నా ఊదుడు విని, పాములాడించేవాడిలా ఉందన్నాడు. అయినా అక్కడ రెండు సంగతులు నేర్చుకున్నాను. కాగితం మీద రాసింది చూసి తడుముకోకుండా ఊదడం ఒకటి. పక్కవాడు ఊదుతున్నప్పుడు నోరు మూసుకుని వినడం రెండోది. రెండోది నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. సాయబు కొడుకు మాత్రం ఆ హాళ్ళకు సరిపోనంత ఎదిగాడు. వాడు లేచి ఊదుతుంటే తూలేవాళ్ళు కూడా కాసేపు నిలబడేవాళ్ళు.

మాస్టరు ఒక్కోరోజు వచ్చి వంటింటి గడప మీద కూర్చునేవాడు. పక్కన గిన్నెలు తోమేవాళ్ళకు వైస్రాయిల కథలు చెప్పేవాడు. సాయబు కొడుకు ఊదడం మొదలుపెట్టగానే వైస్రాయిలను మధ్యలో వదిలేసి చెవి ఒగ్గేవాడు. యుద్ధం ముగిసేలోపే మాస్టరు చనిపోయాడు. సోల్జర్లు వెళ్ళిపోయాక హాళ్ళు బోసిపోయాయి. సాయబు కొడుకు సినిమాల్లో ఊదడానికి బొంబాయి పోయి అక్కడే స్థిరపడ్డాడు. డ్రమ్ము వాయించేవాడు సికింద్రాబాదులోనే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. నాయినకు ఒంట్లో బాగాలేదని తెలిసి నేను ఊరికి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్ళకు జాగీర్లు పోయాయి. దొర బాకాలను తూకానికి అమ్మేశాడు. నాజిం కొడుకు బియ్యం మిల్లు పెట్టుకున్నాడు. చప్పుడంటే వాడికి మొదటి నుంచీ ఇష్టమే.

నాయిన మంచం పట్టాక ఒక సాయంత్రం, "పట్నంల ఏం నేర్సినవో ఊదు, ఇంట" అన్నాడు. పట్నంలో కొనుక్కున్న క్లారినెట్టు తీసి ఆ డాన్సు పాట ఊదాను, నాకు తెలిసిన మలుపులన్నీ తిప్పి, నిదానంగా. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"ఇందుల ఏమున్నదిరా? అప్పగింతల కాడ మీ తాత ఇంతకంటె ఏడిపిస్తుండె. గింతదానికి సికింద్రబాదు దాక పోయినవా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి దెబ్బలూ తెగిన పెదవులూ వంటింటి గడపలూ అన్నీ కలిపి ఆ ముసలాయనకు గింతగా కనబడ్డాయి. క్లారినెట్టు విప్పబోయాను.

"ఎందుకు ఇప్పుతవ్?" అన్నాడు నాయిన, కళ్ళు తెరవకుండానే. "ఆ నడుమ జర జారినవు సూడు, గది మల్ల ఊదు. ఊపిరి సాల్లేదక్కడ."

మళ్ళీ ఊదాను. మళ్ళీ తప్పు పట్టాడు. దీపాలు పెట్టే వేళ దాటినా, ఆయనకు సరిపోయేటట్టు నేను ఊదలేకపోయాను.